ముందు పేజీ, తర్వాత పెట్టె, చివర రింగు: వేంపల్లె ఎండల్లో స్టాంపుల ఆల్బమ్

స్టాంపు కొనేముందు భూతద్దం పెట్టి అంచు పళ్లు లెక్కపెడతాం. తిరగేసి జిగురు చూస్తాం. పది రూపాయల దగ్గర గంటసేపు బేరమాడతాం. ఆ స్టాంపు మన తర్వాత కూడా బతకాల్సిన ఆల్బమ్ కొనేటప్పుడు మాత్రం అట్ట ఎర్రదా నీలందా అని చూసి సరిపెట్టుకుంటాం. ఈ సమీక్ష ఆ రెండో కొనుగోలు గురించి. అందులో మూడు వస్తువులున్నాయి: స్టాంపు నిలిచే పేజీ, పేజీల్ని పట్టి ఉంచే రింగు బైండర్, ఆ బైండర్‌ను దూర్చే ఒకవైపు తెరిచిన గట్టి అట్టపెట్టె. ఈ చివరిదాన్ని వ్యాపారులు స్లిప్‌కేసు అంటారు. మూడింటినీ కలిపి ఒకే ధరకు అమ్ముతారు కాబట్టి మూడూ ఒకటే వస్తువనుకుంటాం. డబ్బు దండగయ్యేది అక్కడే.

వీటి మీద అచ్చయిన సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండు, జర్మనీ, అమెరికాల్లో పుట్టింది. అక్కడి సేకర్తకు మొదటి భయం చెమ్మ. గది వేడి ఇరవై డిగ్రీల దగ్గర, గాలిలో తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంచుకోమని ఆ పుస్తకాలు చెబుతాయి. బందరులోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకు చెమ్మ హెచ్చరిక అక్షరాలా పనికొస్తుంది. వేంపల్లె సంగతి వేరు. గండి దగ్గర కొండల్ని చీల్చుకొచ్చిన పాపఘ్నిలో ఏడాదిలో చాలా నెలలు నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ దాకా పగటి వేడి నలభై డిగ్రీలు దాటడం మామూలు. మిద్దె కింద గదిలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటుంది. ఇక్కడ కాగితానికి మొదటి శత్రువు వేడి, రెండోది దుమ్ము, మూడోది చెదలు. చెమ్మ వంతు ఆ తర్వాతే, అదీ ముసురు పట్టే అక్టోబరు, నవంబరుల్లో. శత్రువుల వరుస మారినప్పుడు సామాను వరుస కూడా మారాలి. డబ్బు ముందు పేజీ మీద పెట్టాలి, తర్వాత పెట్టె మీద, మిగిలితే బైండర్ మీద. అంగళ్లలో మనకు అమ్మేది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

ఏ ఆల్బమ్ కావాలో తేల్చాలంటే అందులో పెట్టేదేమిటో ముందు తెలియాలి. కడప జిల్లాలో చాలామందికి స్టాంపుల పిచ్చి కువైట్ ఉత్తరాలతో అంటుకుంది. బతుకుతెరువుకు ఈ జిల్లా నుంచి వేలమంది కువైట్ పోయారు. ఫోను మాటలు చవకయ్యేదాకా ఇంటికి క్షేమం, డబ్బు సంగతి చేరేది ఎయిర్‌మెయిల్ కవర్లలోనే. పెద్దవాళ్లు ఉత్తరం చదువుకుంటే పిల్లలు కవరు మూల చింపుకునేవాళ్లు. అమీర్ బొమ్మలు, డేగలు, తెరచాప పడవలు అలా మన అగ్గిపెట్టెల్లోకి, నోటుపుస్తకాల్లోకి వచ్చాయి. వాటి పక్కన మన నాసిక్ ముద్రణాలయం స్టాంపులు. ఇంకొంచెం ముదిరినవాళ్ల దగ్గర తెలుగువాళ్ల బొమ్మలున్న వరుస ఒకటి ఉంటుంది: త్యాగరాజు 1961, వేమన 1972, వీరేశలింగం 1974, గురజాడ 1976, మన తాళ్లపాక అన్నమయ్య 2004. అదృష్టముంటే తెలుగు అక్షరాలు అచ్చయిన నిజాం స్టాంపులు నాలుగైదు. మొదటి రోజు కవర్లు, మినియేచర్ షీట్లు, స్పెషల్ కవర్లు ఇవి కాక. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఇంట్లో పాత దస్తావేజుల మధ్య పడి ఉన్న రిజిస్టరు కవర్లు కూడా ఇప్పుడు సేకరణ కిందికే వస్తాయి. అవి పొడుగు కవర్లు.

ఈ కలగాపులగాన్ని ఏ అచ్చు ఆల్బమూ మోయలేదు. అచ్చు ఆల్బమ్ అంటే ప్రతి స్టాంపుకూ గడి గీసి, బొమ్మ వేసి ఇచ్చేది. ఆ పద్ధతి పాతది. 1862లో పారిస్‌లో జస్టిన్ లాలియే అచ్చువేసిన ఆల్బమ్‌తో అది మొదలైంది. ఒక దేశాన్ని మొదటి నుంచి చివరి దాకా పూర్తిచేయాలనుకునేవాళ్లకు అది నేటికీ ముద్దే. ఏటా అనుబంధ పేజీలు కొనగలగాలి, గడులు ఖాళీగా వెక్కిరిస్తుంటే ఓర్చుకోగలగాలి. వేమన పక్కన కువైట్ డేగను పెట్టుకునేవాళ్లకు మాత్రం ఆ గడులతో పనిలేదు.

స్టాక్‌బుక్ సంగతి రెండు మాటల్లో తేల్చవచ్చు. నల్ల పేజీల మీద అడ్డంగా పారదర్శక పట్టీలు అంటించి, పుస్తకంలా కుట్టిన ఆల్బమ్ అది. పిల్లలకు మంచిది, రెండో ప్రతుల్ని దాచడానికి ఇంకా మంచిది. ఎదురెదురు పేజీల స్టాంపులు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో పల్చటి కాగితం ఉన్నదే కొనాలి. పట్టీలు గ్లాసిన్ కాగితానివైతే కొన్నేళ్లకు పచ్చబడి పెళుసుగా విరుగుతాయి. సేకరణ ఒక రూపానికి వచ్చాక దాని పెద్ద లోపం బయటపడుతుంది: మధ్యలో ఒక పేజీ చేర్చలేం. కొత్తగా దొరికిన ఒక్క స్టాంపు కోసం నాలుగు పేజీలు ఖాళీ చేసి మళ్లీ సర్దాలి. అందుకే చివరికి అందరూ రింగుల దగ్గరికే వస్తారు.

రింగుల్లో మొదటి చిక్కు బెజ్జాలు. విదేశీ కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో లెక్క పెట్టుకున్నాయి. లైట్‌హౌస్ వాళ్ల అచ్చు ఆల్బమ్‌కు పదమూడు బెజ్జాలు, సేఫ్ వాళ్లకు పద్నాలుగు, లిండ్నర్‌కు పద్దెనిమిది. ఇంగ్లండులో ఇరవైరెండు రింగుల బైండర్ ఒక సంప్రదాయం. బెజ్జాలు ఎక్కువైతే బరువు ఎక్కువ చోట్ల పంచుకుంటుంది, పేజీ చిరగదు. ఆ మాట నిజమే. కానీ ఒకసారి కొన్నామంటే జీవితాంతం ఆ కంపెనీ పేజీలే కొనాలన్నది అందులో చెప్పని షరతు. వాటిని తెప్పించే వ్యాపారులు ఉండేది చెన్నై, ముంబై, ఢిల్లీ, హైదరాబాదుల్లో. ఒక బైండర్, దానికో స్లిప్‌కేసు, పది పేజీలు కొంటేనే ధర వేలల్లో పలుకుతుంది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వచ్చేటప్పుడు పేజీలు తెచ్చిపెట్టడం ఈమధ్య మామూలైంది. అక్కడి కాగితం ఏ4 కన్నా వెడల్పులో కాస్త ఎక్కువ, పొడవులో దాదాపు రెండు సెంటీమీటర్లు తక్కువ. బెజ్జాలు మూడు, వాటి మధ్య దూరం 108 మిల్లీమీటర్లు. మన ఫైళ్లకు అది పొసగదు. తెమ్మని చెప్పేముందు కొలతలు కూడా చెప్పండి.

మన అంగళ్లలో దొరికే ఆఫీసు ఫైలుకు బెజ్జాలు రెండు, మధ్య దూరం 80 మిల్లీమీటర్లు. ఊళ్లో ఏ కంగారో పంచ్‌తో పొడిచినా అదే దూరం. ఈ సౌకర్యాన్ని చిన్నచూపు చూడకూడదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ కొలత పేజీ దొరుకుతుంది, లేదా ఇంట్లోనే తయారవుతుంది. లోపమల్లా పట్టు నడుమనే ఉండడం. పైనా కిందా పేజీ వేలాడి, నిలబెట్టినప్పుడు బయటి మూల కిందికి జారుతుంది. నాలుగు రింగుల ఫైలు దీనికి మంచి విరుగుడు. అందులో రింగుల మధ్య దూరాలన్నీ అదే 80 మిల్లీమీటర్లు కాబట్టి రెండు బెజ్జాల పేజీ కూడా నడిమి రింగుల్లో కూర్చుంటుంది. మిగతా రెండు బెజ్జాలు కొలిచి పొడుచుకోవచ్చు.

రింగు ఆకారం మీద రాజీ పడవద్దు. గుండ్రటి రింగు వెన్నుకు బిగించి ఉంటుంది. మూసినప్పుడు పేజీలు ఆ వంపు మీదికి ఎక్కి, మొదటివీ చివరివీ వంగుతాయి. వంగిన పేజీ మీది స్టాంపు కూడా వంగుతుంది. ఎండకు ఆరిన జిగురుకు ఆ వంపు చాలు, సన్నటి పగుళ్లు పడతాయి. డి ఆకారం రింగును వెనక అట్టకు బిగిస్తారు. నిటారు వైపున పేజీలు ఒకదాని మీద ఒకటి సమంగా కూర్చుంటాయి. కొనేటప్పుడు రింగులు మూసి, అతుకు దగ్గర ఒక పల్చటి కాగితం అంచు లాగి చూడండి. చిక్కుకుంటే ఆ ఫైలు వదిలేయండి. లోపలివైపు రివిట్ల తలలు పైకి లేచి ఉంటే వాటి మీద పడే పేజీకి గుంట పడుతుంది. అలాంటి ఫైలే ఇంట్లో ఉంటే ముందూ వెనకా ఒక్కో మందపాటి ఖాళీ అట్ట వేసుకుంటే సరి.

ఎన్ని పేజీలు పెట్టాలన్నది ఫైలు మందం చెప్పదు, బరువు చెబుతుంది. చదరపు మీటరుకు 160 గ్రాముల కాగితం ఏ4 ముక్క పది గ్రాములు. దానికి తొడిగే యాభై మైక్రాన్ల పాలిస్టర్ తొడుగు దగ్గరదగ్గర తొమ్మిది గ్రాములు. అంటే తొడుగు వేసిన అరవై పేజీలు కిలో దాటిపోతాయి, స్టాంపులూ కవర్లూ లెక్కేయకుండానే. రెండు రింగుల ఫైలు మీద అంత బరువు వేయకూడదన్నది నా అభిప్రాయం. నలభై దగ్గర ఆపేయండి. నిండుగా కుక్కిన ఒక ఫైలు కన్నా వదులుగా ఉన్న రెండు ఫైళ్లు మేలు. పేజీలు ఒత్తుకుంటే జిగురు అంటుకుంటుంది, సువాసన స్టాంపులైతే ఇంకా నష్టం. 2006లో తపాలా శాఖ చందనం వాసన స్టాంపు తెచ్చింది, మరుసటి ఏడాది గులాబీది, 2008లో మల్లెపూలది. ఆ వాసన సన్నటి గుళికల్లో ఉంటుంది. రాపిడికి గుళికలు చితికితే వాసన ఖర్చయిపోతుంది. శేషాచలం నిండా ఎర్రచందనం పెరిగే జిల్లా కదా, చందనం స్టాంపు చూపించగానే ఇంటికొచ్చినవాళ్లందరూ దాన్ని రుద్ది వాసన చూడాలనుకుంటారు. ఎర్రచందనానికి ఆ పరిమళం ఉండదని చెప్పి, ఆ స్టాంపును వెనక పేజీలో దాచడమే దారి.

బైండర్ అట్ట గురించి ఒక మాట. మన ఫైళ్లకు వేసేది రెక్సిన్. అంటే గుడ్డ మీద పీవీసీ పూత. కింద స్పాంజి పెట్టి ఉబ్బెత్తుగా చేసిన ఆల్బమ్‌లు చూడ్డానికి ఠీవిగా ఉంటాయి. మేలో పక్కపక్కన నిలబెడితే రెండింటి రెక్సిన్ అతుక్కుని, విడదీసినప్పుడు పూత ఊడి వస్తుంది. గుడ్డ లేదా గట్టి కాగితం అతికించిన అట్ట నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది. ఇంగ్లండు రాజు ఐదో జార్జి తన సేకరణను ఎర్ర ఆల్బమ్‌లలో పెట్టుకున్నాడు, ఆరో జార్జి నీలం, రెండో ఎలిజబెత్ ఆకుపచ్చ. రాజుకు రంగు చాలు, మిగతాది చూసుకోవడానికి మనుషులుంటారు.

ఇక అసలు సంగతి, పేజీ. స్టాంపును రోజూ తాకేది రింగు కాదు, ఇదే. సంచుల్లాంటి గడులున్న ప్లాస్టిక్ పేజీల్లో అంగట్లో చవకగా దొరికేవి ఎక్కువగా పీవీసీవి. పీవీసీ సహజంగా బిరుసు. దాన్ని మెత్తగా వంగేలా చేయడానికి ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది అందులో నిలవదు. మెల్లగా పైకి తేలి, పేజీని జిగటగా చేసి, స్టాంపు సిరాను తనలోకి లాగుతుంది. పాత ఆల్బమ్ తెరిస్తే ప్లాస్టిక్ మీద వేమన బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించడం అందుకే. పీవీసీ పాడయ్యేకొద్దీ ఆమ్లం కూడా వదులుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఇరవై డిగ్రీల గది కోసం రాసిన పుస్తకం పీవీసీ పేజీకి పదిహేనేళ్లు ఇస్తే, మన మిద్దె ఇంట్లో దానికి అందులో సగం ఆయుష్షు కూడా ఇవ్వలేం. లండన్‌లో అది తెలివితక్కువ కొనుగోలు, వేంపల్లెలో నేరం.

వాడదగినవి పాలిస్టర్, పాలీప్రొపిలీన్. పాలిస్టర్‌ను మైలార్, మెలినెక్స్ అనే పేర్లతో అమ్ముతారు. గాజులా తేటగా, నొక్కితే కరకరలాడుతూ ఉంటుంది. పాలీప్రొపిలీన్ కొంచెం మసకగా, మెత్తగా ఉంటుంది, ధర తక్కువ. అట్ట మీద రాసిన మాటను నమ్మనక్కర్లేదు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పేజీ మూలనుంచి గోరంత ముక్క కత్తిరించి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్ జాతి, నిశ్చింతగా వాడుకోవచ్చు. మునిగితే పీవీసీ కావచ్చు, పాలిస్టర్ కావచ్చు. అప్పుడు రాగితీగ పరీక్ష. తీగ కొనను మంటలో ఎర్రగా కాల్చి, ఆ కొనను ప్లాస్టిక్‌కు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టు, అది పీవీసీ. ఈ పని ఆరుబయట, గాలి వెళ్లేవైపు నిలబడకుండా, బియ్యపుగింజంత ముక్కతో చేయాలి. ఆ పొగ మంచిది కాదు, పిల్లల చేతికి ఇవ్వవద్దు.

కాగితం పేజీకి మన ఎండే పరీక్షాధికారి. కొత్తగా కొన్న ఖాళీ పేజీ నుంచి ఒక పట్టీ కత్తిరించి, సగం పుస్తకంలో, సగం బయటికి ఉండేలా పెట్టి మిద్దె మీద వారం పది రోజులు వదిలేయండి. ఎండ తగిలిన సగం న్యూస్‌ప్రింట్‌లా పచ్చబడితే అందులో లిగ్నిన్ అనే పదార్థం తీసేయని కట్టెగుజ్జు ఉంది. అది స్టాంపుల కింద పనికిరాదు. ఆమ్లం లేనిదని రాసి ఉన్న కాగితం తెప్పించుకోవడమే ఉత్తమం. దొరకనప్పుడు మంచి జిరాక్స్ కాగితం చాలావాటికన్నా నయం, ఎందుకంటే ఈ రోజుల్లో అందులో ఎక్కువ భాగం సుద్ద కలిపి, క్షారగుణంతో తయారవుతోంది. పల్చనే, అందుకని తొడుగులో వెనకొక మందపాటి షీటు వేసుకోవాలి.

కవర్ల మీదినుంచి వచ్చిన వాడిన స్టాంపులకు హింజ్ అనే చిన్న జిగురు కాగితపు మడత వేసి పేజీ మీద అంటించుకున్నా తప్పులేదు. వాడనివాటికి నల్ల వెనకభాగం ఉన్న పారదర్శక తొడుగులు, అంటే మౌంట్లు, కావాలి. గల్ఫ్, అమెరికా స్టాంపుల్లో కొత్తరకం, తమకు తామే అంటుకునేవి, వేరే తలనొప్పి. వాటిలో చాలావాటి జిగురు నీళ్లకు ఊడదు, వేడికి మాత్రం అంచుల నుంచి ఊరుతుంది. వాటిని కవరు ముక్కతో సహా, చుట్టూ కొద్దిగా కాగితం వదిలి కత్తిరించి, విడిగా ఒక్కో గడిలో పెట్టండి. ఒకే గడిలో రెండు పెడితే జూన్‌కల్లా అవి ఒకటైపోతాయి.

స్లిప్‌కేసును చాలామంది అలంకారమనుకుంటారు. చల్లటి దేశాల పుస్తకాలు కూడా దాన్ని చివరి పేరాలో చెప్పి వదిలేస్తాయి. మన దగ్గర మాత్రం దానికి రెండో స్థానం ఇవ్వాలి. రింగు బైండర్ మూడు వైపులా తెరిచి ఉన్న వస్తువు. మిద్దె పైకప్పు నుంచి రాలే మన్ను, రోడ్డు మీద బండ్లు లేపే దుమ్ము తిన్నగా పేజీల మధ్యకు, గడుల నోళ్లలోకి దిగుతాయి. దుమ్ములో ఉండే ఇసుకరేణువు పేజీ తిప్పిన ప్రతిసారీ స్టాంపును గీకుతుంది. పెట్టె ఆ మూడు వైపులా మూస్తుంది. బైండర్‌ను నిటారుగా పట్టి ఉంచి, పేజీలు ఒరిగి వంగకుండా చూస్తుంది. వెలుతురును ఆపుతుంది. కిటికీ ఎండ నేరుగా పడని గదిలో కూడా సిరాలు వెలిసిపోతాయన్నది గుర్తుంచుకోవాలి.

స్లిప్‌కేసును విదేశాల నుంచి తెప్పించడం నా దృష్టిలో శుద్ధ దండగ. లెక్కల పుస్తకాలు, రికార్డులు కట్టే బైండింగ్ పనివాళ్లు వేంపల్లెలో కాకపోతే ప్రొద్దుటూరులోనో కడపలోనో ఉన్నారు. బైండర్ చేతికిచ్చి, దానికి సరిపోయే పెట్టె కట్టమంటే కడతారు. అయితే పని వాళ్లదే అయినా షరతులు మనవి కావాలి. పెట్టె లోపలి జాగా బైండర్ కన్నా పొడవులో, మందంలో రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. పెట్టెను తలకిందులు చేసి పట్టుకుంటే బైండర్ మెల్లగా జారాలి. దబ్బున పడితే వదులు. కదలకపోతే బిగుతు, దాన్ని లాగిన ప్రతిసారీ వెన్ను ఊడుతుంది. నోటి దగ్గర రెండు వైపులా బొటనవేలు పట్టేంత అర్ధచంద్రాకారపు కోత పెట్టించండి. లోపల వెల్వెట్ వద్దు. చూడముచ్చటగా ఉంటుందని వేస్తామంటారు, కానీ దాని రంగు, నూగు రెండూ బైండర్ మీదికి వస్తాయి. నున్నటి తెల్ల కాగితం చాలు.

అసలైన జాగ్రత్త జిగురు దగ్గర. బైండింగ్ పనికి మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు. తరతరాలుగా వస్తున్న పద్ధతే, లెక్కల పుస్తకానికి బాగానే ఉంటుంది. స్టాంపులకు ఆ రాగి లవణం పొరుగున ఉండడం మంచిది కాదు, కాగితం పాడవడాన్ని అది తొందర చేస్తుంది. మైలతుత్తం లేని మైదా అయితే సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగుకు విందు. కాబట్టి పెట్టెకు తెల్లటి ఫెవికాల్ లాంటి జిగురు వాడమని ముందే చెప్పండి. పూర్తిగా ఆరడానికి రెండు మూడు వారాలు ఖాళీగా నీడన ఉంచి, వాసన పోయాక బైండర్ పెట్టండి. అట్ట పాత కాగితాల గుజ్జుతో చేసినదే ఉంటుంది, ఆమ్లం ఉండే అట్టే. అయినా దానికీ స్టాంపుకూ మధ్య బైండర్ అట్ట, పాలిస్టర్ తొడుగు రెండూ అడ్డం ఉంటాయి కాబట్టి దాని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

పెట్టెలో పెట్టి మూసేస్తే లోపలి ఆవిర్లు బయటికి పోవు. పీవీసీ పేజీలున్న బైండర్‌ను మంచి స్లిప్‌కేసులో బిగిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. పెట్టె నుంచి తీయగానే కొత్త రెక్సిన్ వాసన గుప్పుమంటే ఆ పేజీలు మార్చేదాకా పెట్టె వాడకండి. పేజీ ముందు, పెట్టె తర్వాత అనడానికి ఇది రెండో కారణం. తరచుగా తీయని మొదటి రోజు కవర్లకు, రిజిస్టరు కవర్లకు స్లిప్‌కేసు బదులు మూతతో పూర్తిగా మూసుకునే పెట్టె ఇంకా మెరుగు, అదే పనివాడు కట్టిస్తాడు.

ఇంతా చేసి పెట్టెను ఎక్కడ పెడతాం? రాయలసీమ ఇంటికి గోడ గూడు, దానికి కడప బండ అర. దేశమంతా వంటింటి అరుగులకు వేసుకునే ఆ నల్లబండ ఆల్బమ్‌కు కూడా మంచి పీఠమే. పుచ్చదు, బరువుకు వంగదు, చెక్కలా ఆమ్లపు ఆవిర్లు వదలదు. ఎండాకాలం గదిలో మిగతావాటికన్నా చల్లగా ఉంటుంది. కానీ బండ చెదలను ఆపదు. అవి గోడలోంచి మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తాయి. గూట్లో ఆల్బమ్ వెనక గోడకు ఆనకుండా నాలుగు వేళ్ల జాగా వదలాలి. వానాకాలంలో గోడ పీల్చే చెమ్మ కూడా అప్పుడు అందదు. నెలకోసారి అన్నీ బయటికి తీసి గూడు తుడిచేవాళ్లకు వేరే మందు అక్కర్లేదు.

బీరువా అయితే పై అర వద్దు, పైకప్పు వేడి అక్కడికే దిగుతుంది. అడుగు అర కూడా వద్దు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ల మీద పడినప్పుడు ఇళ్లలో కాగితమన్నది మిగల్లేదు. కరువు జిల్లాలో వరద రాదని ఎవరూ అనుకోవద్దు. నడిమి అర ఖాయం చేసుకోండి. బట్టల మధ్య వేసే కలరా ఉండలు మాత్రం ఆ అరలో పెట్టకండి. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను, ముఖ్యంగా మౌంట్లలో వాడే పాలీస్టైరిన్‌ను మెత్తబరుస్తుంది. ఏసీ ఉన్న గది మంచిదని కొందరంటారు. రాత్రంతా వేసి పగలంతా ఆపితే వేడీ తేమా రోజుకోసారి ఎక్కి దిగుతాయి, కాగితం దానితోపాటు సాగి ముడుచుకుంటుంది. ఒకే తీరుగా వెచ్చగా ఉన్న నడి గది దానికన్నా మేలు. ఆల్బమ్‌లు ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగున ఉన్నదాని జిగురు పేజీకి అంటుకుంటుంది.

బడి పిల్లల మాట చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. తపాలా శాఖ 2017లో మొదలుపెట్టిన దీన్ దయాళ్ స్పర్శ్ యోజన కింద ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. బడిలో స్టాంపుల క్లబ్బు ఉండాలి, లేదా పిల్లవాడి పేర ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉండాలి. ఆ ఖాతా 200 రూపాయలతో తెరవవచ్చు. స్కాలర్‌షిప్‌కు క్విజ్‌తోపాటు ఒక ప్రాజెక్టు కూడా చేయాలి. ప్రాజెక్టుకు కావలసింది ఏ4 ఖాళీ పేజీలు, డి రింగు ఫైలు, పాలీప్రొపిలీన్ తొడుగులు, అంతే. ప్రదర్శనల్లో చట్రాలు కూడా ఏ4 పేజీల లెక్కకే ఉంటాయి కాబట్టి బడిలో అలవాటైన కొలత పెద్దయ్యాక మార్చుకోనక్కర్లేదు. స్టేషనరీ అంగడి పెద్దలకు మనవి: పిల్లలు ఆల్బమ్ అడిగితే ఫొటో ఆల్బమ్ చేతిలో పెట్టకండి. జిగురు గీతల మీద పల్చటి ప్లాస్టిక్ కప్పే ఆ ఫొటో ఆల్బమ్‌లు ఒక తరం స్టాంపుల్ని మింగేశాయి.

ఈ ఊరి సేకర్తకు నా తీర్పు ఇది. నాలుగు డి రింగుల మామూలు ఆఫీసు ఫైలు, నలభైకి మించని ఆమ్లంలేని పేజీలు, వాటికి పాలిస్టర్ తొడుగులు, పాలిస్టర్‌కు చేయి చాలకపోతే పాలీప్రొపిలీన్, మీదికి మన బైండింగ్ పనివాడు కట్టిన, గుడ్డ అతికించిన పెట్టె. విదేశీ బైండర్ కొనాలన్న మోజు ఉంటే అన్నీ అయ్యాక కొనుక్కోండి, ఎవరూ కాదనరు. అంతకన్నా ముందు ఇప్పుడున్న ఆల్బమ్‌లోంచి గోరంత ప్లాస్టిక్ ముక్క కత్తిరించి నీళ్ల గిన్నెలో వేసి చూడండి. అది మునిగి, రాగితీగ మంట కూడా ఆకుపచ్చగా మారితే, ఉగాది దాటకముందే స్టాంపుల్ని ఆ పేజీల్లోంచి బయటికి తీయండి.